పెట్టె పక్కన కూర్చునేవాళ్ళు

“వెనక తొట్టిలో ఏం మోస్తారు?” అని అడిగాడు దుకాణదారు.

“మనుషుల్ని,” అన్నాడు పౌలురాజు.

కరోల్‌బాగ్‌లో బండ్ల సామాన్లు అమ్మే ఆ మనిషి ముప్ఫై ఏళ్ళుగా ఇదే ప్రశ్న అడుగుతున్నాడు. ఇటుకలు, కోళ్ళు, పెళ్ళి పందిళ్ళ గుడ్డలు, ఏ జవాబు విన్నా అతని మొహం మారేది కాదు. ఇప్పుడు మారింది.

నోయల్ గబగబా అందుకున్నాడు. “చర్చ్ కీ గాడీ హై, భయ్యా. డెడ్ బాడీ బాక్స్ కే లియే.” శవపేటిక మోసే చర్చి బండి అని.

“అచ్ఛా,” అన్నాడు దుకాణదారు. చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టాడు.

తెలుగు చర్చికి కొత్త పికప్ వచ్చి వారమైంది. పదేళ్ళు నిండిన డీజిల్ బండిని ఢిల్లీలో తిప్పనివ్వరు కాబట్టి పాతది తుక్కుకి వెళ్ళిపోయింది. కొత్తదాని తొట్టి ఇంకా మెరుస్తోంది. ఆ ఇనుముకి గీతలు పడకుండా, తుప్పు పట్టకుండా ఏదో ఒకటి వేయించాలి. చర్చి కమిటీ కార్యదర్శి నోయల్ గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. వారం రోజులు వీడియోలు చూసి మరీ వచ్చాడు. పౌలురాజు పన్నెండేళ్ళుగా చర్చి డ్రైవరు. పాలకొల్లు నుంచి వచ్చినవాడు. ఒక్క వీడియో కూడా చూడలేదు.

దుకాణంలో మూడు రకాలున్నాయి. మందపాటి రబ్బరు చాప ఒకటి. తొట్టిలో సరిగ్గా అమరే నల్లటి ప్లాస్టిక్ తొడుగు రెండోది. ఇక మూడోది, ఇనుము మీదే పిచికారీ చేసే పూత. ఆరాక గరుకు కాగితంలా గట్టిపడుతుంది.

“స్ప్రే కొట్టిద్దాం అంకుల్,” అన్నాడు నోయల్. “తుప్పు రాదు. పెట్టిన వస్తువు అంగుళం కదలదు.”

“కదలకపోతేనే గదండీ బాధ. పెట్టెని లోపలికి తొయ్యాలా? గరుకు మీద తోస్తే అడుగు చెక్క లేచిపోద్ది. పైగా మన చర్చిలో పెట్టె మోసేది మీ వయసోళ్ళా? అందరూ అరవై దాటినోళ్ళు. మీరంతా ఫోటోలు తీస్తారు.”

నోయల్ నవ్వాడు. “సరే, రబ్బరు చాప?”

“కడిగిన నీళ్ళు దాని కిందకెళ్ళి నిలబడిపోతాయండి. రెండేళ్ళలో తొట్టికి చిల్లు.” పౌలురాజు ప్లాస్టిక్ తొడుగు మీద అరచేత్తో రాశాడు. అరచెయ్యి జారిపోయింది. “ఇదేనండి. ఒక్క తోపుకి పెట్టె లోపలికెళ్ళిపోద్ది.”

దుకాణదారు తల అడ్డంగా ఊపాడు. అందులో సామాను జారుతుందన్నాడు. తొట్టి లోపలి కొక్కేలు కూడా ఆ తొడుగు కిందికి పోతాయన్నాడు. కావాలంటే అక్కడ చిల్లులు కోసిస్తాను, తాడు కట్టుకోవచ్చన్నాడు.

“రస్సీ నహీఁ చాహియే,” అన్నాడు పౌలురాజు. “హమారే లోగ్ సాథ్ బైఠ్‌తే హైఁ.”

తాడక్కర్లేదు, మావాళ్ళు పక్కన కూర్చుంటారు.

అది నిజమే. గోదావరి జిల్లాల నుంచి ఢిల్లీ ఆసుపత్రుల్లో పనికొచ్చిన కుటుంబాలు తమతో తెచ్చుకున్న పద్ధతి అది. పెట్టెకి అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. పెట్టె మూత మీద ఒక చెయ్యి. సమాధుల తోట దాకా పాడుతూ కూర్చుంటారు. బ్రేకు పడినా, గుంట వచ్చినా ఆ నాలుగు చేతులే పెట్టెని ఆపుతాయి. తాడు సరుకుకి కడతారు. మనిషిని కట్టరు.

చిల్లులు కోయకుండానే తొడుగు బిగించారు.

* * *

జనవరిలో రెండు చావులు జరిగాయి. రెండుసార్లూ పెట్టె ఒక్క తోపుకి లోపలికెళ్ళింది. రెండుసార్లూ ఆరుగురు, ఏడుగురు ఎక్కి కూర్చున్నారు. “మీరే కరెక్ట్ అంకుల్,” అని నోయల్ ఒప్పుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం సరళకుమారి చనిపోయింది.

ఊరు నరసాపురం. నలభై ఏళ్ళు ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మునిర్కాలో ఒంటిగది అద్దెకు తీసుకుంది. చుట్టూ చదువుకునే పిల్లలు, వాళ్ళ పరీక్షలు. రెండు రోజులు పాల ప్యాకెట్లు గుమ్మంలోనే ఉండిపోతే, పాలవాడే తలుపు తట్టి ఆసుపత్రికి చేర్చాడు. నాలుగో రోజు పోయింది. ఊళ్ళో తమ్ముడి కొడుకు ఫోనులో దొరికాడు. “మీరే కానిచ్చెయ్యండి,” అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం రెండింటికి పౌలురాజు మార్చురీ వెనక గేటు దగ్గర బండి పెట్టాడు. ఆ ఆసుపత్రిలోనే నర్సుగా పనిచేసే చర్చి అమ్మాయి అబిగెయిల్ కాగితాలన్నీ సంతకాలు చేయించి తెచ్చింది. నలుగురు అటెండర్లు పెట్టెని ఎత్తి తొట్టి అంచున పెట్టారు. ఒక్క తోపు. లోపలికెళ్ళిపోయింది. అటెండర్లు చేతులు దులుపుకుని వెళ్ళిపోయారు.

ఇక మనుషులు రావాలి.

రెండుంబావు అయింది. రెండున్నర అయింది.

“చర్చి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ అందరూ చూశారంకుల్,” అంది అబిగెయిల్. “వస్తార్లెండి.”

“మీరేవన్నా...”

“వార్డులో ముప్ఫై మందికి ఇద్దరమే ఉన్నాం. ఎనిమిదింటి దాకా కదల్లేను.” ఆమె పెట్టె మీద చెయ్యి వేసింది. “నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు నరం దొరికేది కాదు. రోగులు తిట్టేవారు. ఈవిడ తన చెయ్యి చాపి, ‘నా మీద నేర్చుకో’ అన్నారు. నాలుగుసార్లు గుచ్చాను.” వార్డు నుంచి ఫోను మోగింది. ఆమె పరుగెత్తింది.

పౌలురాజు నోయల్‌కి ఫోను చేశాడు.

“నోయల్ బాబూ, ఇక్కడికి ఒక్కళ్ళూ రాలేదండి.”

“అదేంటంకుల్? గ్రూపులో అరవై రెండు మెసేజ్‌లు వచ్చాయి!”

“మెసేజీలొచ్చాయండి. మనుషులు రాలేదు.”

 నూట నలభై మంది ఉన్న గ్రూపు అది. ఎవరికి వాళ్ళు, మిగతావాళ్ళు వెళ్తారులే అనుకున్నారు. చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఆఫీసు పనిలో పడ్డారు.

“నేను క్లయింట్ కాల్‌లో ఉన్నా అంకుల్. నాలుగు దాటితే గానీ రాలేను. పాస్టరు గారు నేరుగా సమాధుల తోటకి వచ్చేస్తారు. మీరు బయల్దేరండి. మెల్లిగా నడపండి.”

మెల్లిగా నడపడానికి వ్యవధి లేదు. సమాధుల తోట బురాడీ అవతల, నగరానికి ఆ కొసన ఉంది. గేటు ఐదింటికి మూస్తారు. ఆలస్యమైతే శవాన్ని వెనక్కి తెచ్చే వీల్లేదు. ఒకసారి బయటికి పంపాక మళ్ళీ లోపలికి తీసుకునేది లేదని మార్చురీ గుమాస్తా ముందే చెప్పేశాడు. ఐదు దాటితే సరళకుమారికి ఢిల్లీలో ఈ తొట్టి తప్ప చోటు లేదు.

రెండూ నలభైకి పౌలురాజు బండి కదిలించాడు.

* * *

మొదటి సిగ్నల్ దగ్గరే ఆ చప్పుడు వినిపించింది.

అతను బ్రేకు వేశాడు. పెట్టె జారుకుంటూ వచ్చి సరిగ్గా అతని వీపు వెనక ఇనుప గోడకి కొట్టుకుంది. పచ్చ లైటు పడింది. బండి ముందుకు కదిలింది. పెట్టె వెనక్కి జారి తొట్టి తలుపుకి కొట్టుకుంది.  పన్నెండేళ్ళలో ఎప్పుడూ వినని చప్పుడు అది. ఎప్పుడూ వెనక నుంచి పాటే వినిపించేది.

అతను పక్కకి ఆపి, సీటు కింది గోనెసంచులు తీసి పెట్టెకి ముందూ వెనకా కుక్కాడు. రెండో సిగ్నల్‌కి సంచులు కూడా పెట్టెతోపాటే జారాయి. పెట్టె కిందికి దూర్చాలంటే పెట్టెని ఎత్తాలి. ఎత్తాలంటే నలుగురు కావాలి.

పక్కనుంచి వెళ్తున్న మోటారు సైకిలువాడు అరిచాడు. “అంకుల్, పీఛే డబ్బా హిల్ రహా హై!” వెనక డబ్బా కదులుతోందని.

“మాలూమ్ హై!” తెలుసులే అని పౌలురాజు అంతకంటే గట్టిగా అరిచాడు. అరిచాక సిగ్గేసింది.

మూల్‌చంద్ ఫ్లైఓవర్ దిగేటప్పుడు ముందు బస్సు చటుక్కున ఆగింది. ఈసారి వెనక చప్పుడుతోపాటు ఇంకోటి వినిపించింది. చెక్క చిట్లిన శబ్దం.

లాజ్‌పత్ నగర్ దగ్గర టాక్సీ స్టాండు పక్కన బండి ఆపి దిగి చూశాడు. పెట్టె మూల పగిలింది. మూతకి కొట్టిన మేకు అర అంగుళం పైకి లేచింది. ఇలాంటి దెబ్బలు ఇంకో నాలుగు తగిలితే రింగురోడ్డు మధ్యలో మూత ఊడిపోతుంది.

టైము మూడుంబావు.

స్టాండులో నులకమంచం మీద కూర్చున్న ముసలి సర్దార్జీ ఇదంతా చూస్తున్నాడు. లేచి వచ్చాడు. తొట్టిలోకి తొంగి చూశాడు. తెల్లటి సిలువ గీసిన మూత చూసి తలపాగా సర్దుకున్నాడు.

“అకేలే హో?” అని అడిగాడు.

ఒంటరిగా ఉన్నావా? పౌలురాజు తల ఊపాడు. బురాడీ దాకా పోవాలన్నాడు.

సర్దార్జీ తన టాక్సీ డిక్కీ తెరిచి నైలాన్ తాడు తెచ్చాడు. లోపల కొక్కేలు లేకపోతేనేం, తొట్టి బయట ఉన్నాయి కదా అని చూపించాడు. ఈ పక్క నుంచి ఆ పక్కకి రెండు చుట్లు లాగి కడితే బురాడీ ఏం, అంబాలా దాకా కదలదన్నాడు.

పౌలురాజు తాడు అందుకున్నాడు. ఒక కొస బయటి కొక్కేనికి ముడివేశాడు. రెండో కొస పెట్టె మీదుగా అవతలికి విసిరాడు. పసుపుపచ్చ తాడు సిలువ మీద అడ్డంగా పడింది. అవతలికి వెళ్ళి పట్టుకుని లాగాడు. తాడు బిగిసింది. పెట్టె నిజంగానే కదలడం మానేసింది.

అతను ఒక నిమిషం దాన్నే చూశాడు. ఫ్రిజ్ అలా కడతారు. బీరువా అలా కడతారు.

ముడి విప్పేశాడు.

“పాగల్ హో క్యా?” అన్నాడు సర్దార్జీ. పిచ్చెక్కిందా నీకు?

“మీకు ఈ బండి నడపడం వచ్చా?” అని హిందీలో అడిగాడు పౌలురాజు.

సర్దార్జీకి కోపం వచ్చింది. “పంతొమ్మిది వందల ఎనభై నుంచి ఢిల్లీలో నడుపుతున్నా. నువ్వప్పుడు నిక్కరేసుకుని ఉంటావు.”

పౌలురాజు జేబులోంచి తాళం తీశాడు. చర్చి బండి తాళం ఇంకొకళ్ళ చేతికి ఇవ్వకూడదని కమిటీ రూలు. పన్నెండేళ్ళలో నోయల్‌కి కూడా ఇవ్వలేదు. ఇప్పుడు పేరు కూడా తెలియని మనిషి చేతిలో పెట్టాడు.

“ఐదు లోపల బురాడీ చేరాలి. నేను వెనక కూర్చుంటాను.”

సర్దార్జీ తాళం చూశాడు, పెట్టె చూశాడు. “ఎవరు నీకు?”

“బెహన్,” అన్నాడు పౌలురాజు. అక్క అనే ఆ మాట నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

* * *

ప్లాస్టిక్ మీద కూర్చోవడం అంత తేలిక కాదు. మొదటి మలుపుకే పెట్టెతోపాటు పౌలురాజు కూడా జారాడు. వీపు ముందు గోడకి ఆనించి, పాదాలు రెండు పక్కల గోడలకి తన్నిపెట్టి, పెట్టె కొసని తొడల మధ్య ఇరికించుకున్నాడు. రెండు చేతులూ మూత మీద వేశాడు. బ్రేకు పడినప్పుడల్లా పెట్టె బరువంతా తొడల మీదకి వచ్చేది. నలుగురు చేసే పని. ఒక్కడే చేస్తున్నాడు.

చలిగాలి చెవుల్లో కొడుతోంది. పక్కన బస్సులో కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళు అతన్ని చూసి చూపు తిప్పుకుంటున్నారు. వెనక కారులో ఒకడు ఫోను తీసి ఫోటో తీశాడు.

పాడదామనుకున్నాడు. మాటలు రాలేదు. ఇన్నేళ్ళూ ముందు కూర్చుని విన్నాడే గాని తనెప్పుడూ పాడలేదు. తన భార్య పోయినప్పుడు కూడా స్టీరింగ్ అతనిదే. ఇంకో డ్రైవరు లేడు. వెనక చర్చి ఆడవాళ్ళు ఆమె పెట్టె మీద చేతులు వేసి పాడుతుంటే, అద్దంలో పెట్టె కొస మాత్రం చూసుకుంటూ ఇదే రోడ్డు మీద నడిపాడు. ఇంటికొచ్చాక ఒక్క విషయమే గుర్తుంది. ఏ సిగ్నల్‌లో ఎంతసేపు ఆగాడో.

ఊరికే కూర్చోవడం బాగాలేదనిపించింది. అతను పెట్టె వైపు కొంచెం వంగాడు.

“ఇది ఆశ్రమ్ అండి,” అన్నాడు. “ఇక్కడెప్పుడూ జామే. మీకు తెలిసే ఉంటదిలెండి.”

తరవాత ఏం చెప్పాలో తెలియలేదు. ఆమె మొహం కూడా అతను ఎప్పుడూ చూడలేదు.

“అదుగో, యమున. మన గోదారిలా ఉండదనుకోండి. వాసన.”

“ఐటీవో వచ్చేశామండి. ఇక్కణ్ణించి ఖాళీగానే ఉంటది.”

ఖాళీగా లేదు. ఎర్రకోట వెనక ఇరవై నిమిషాలు ఆగిపోయారు. సర్దార్జీ కిటికీలోంచి తల బయటపెట్టి లారీవాళ్ళని, ఆటోవాళ్ళని పంజాబీలో తిట్టాడు. మళ్ళీ వెనక్కి తిరిగి, “మాఫ్ కర్‌నా, బెహన్‌జీ,” అన్నాడు. ఆ క్షమాపణ పెట్టెతోనే చెప్పాడు.

కశ్మీరీ గేట్ బస్టాండు దాటేసరికి నాలుగున్నర అయింది. ఎండ పలచబడింది. వజీరాబాద్ దగ్గర రోడ్డు గుంటలమయం. ప్రతి గుంటకీ లేచిన మేకు పౌలురాజు అరచేతికి గుచ్చుకుంది. అతను చెయ్యి తీయలేదు. దాని మీదే గట్టిగా నొక్కిపెట్టాడు.

“ఇంకో పది నిమిషాలండి,” అన్నాడు. “ఓపిక పట్టండి.”

ఎవరికి చెప్పాడో అతనికే తెలియలేదు.

* * *

గేటు దగ్గరికి వచ్చేసరికి ఐదుకి నాలుగు నిమిషాలు తక్కువ. కాపలాదారు ఒక రెక్క మూసేశాడు. రెండో రెక్క మీద చెయ్యి వేశాడు. సర్దార్జీ హారన్ మీద చెయ్యి పెట్టి తీయకుండా బండిని ఆ సందులోకి పోనిచ్చాడు.

లోపల పాస్టరు గారు ఒక్కరే నిలబడి ఉన్నారు. చేతిలో బైబిలు, మెడకి మఫ్లరు. తవ్విన గొయ్యి పక్కన ఇద్దరు పనివాళ్ళు బీడీలు ఆర్పి లేచారు.

“మిగతావాళ్ళు వెనక బండిలో వస్తున్నారా?” అని అడిగారు పాస్టరు గారు.

“లేదండి.”

పౌలురాజు దిగబోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేదు. సర్దార్జీ చంకల కింద చేతులు వేసి చిన్నపిల్లాడిని దించినట్టు దించాడు. నలుగురూ కలిసి పెట్టెని దించారు. అటు పనివాళ్ళు, ఇటు సర్దార్జీ, పౌలురాజు. పాస్టరు గారు పుస్తకం తెరిచి, అక్షరాలు ఆనక కళ్ళకి దగ్గరగా పట్టుకుని చదివారు. త్వరగానే చదివారు. కాపలాదారు గేటు దగ్గర తాళంతో నిలబడి ఉన్నాడు.

పెట్టె గొయ్యిలోకి దిగింది.

ఇలాంటప్పుడు పౌలురాజు ఎప్పుడూ అక్కడ ఉండేవాడు కాదు. అతని పని అప్పటికి అయిపోయేది. బండి దగ్గరికి వెళ్ళి తొట్టిలో రాలిన పూలు తుడుచుకుంటూ ఉండేవాడు. ఇప్పుడు కూడా కాళ్ళు అలవాటుగా బండి వైపు తిరిగాయి.

పాస్టరు గారు పుస్తకంలోంచి తల ఎత్తకుండా, ముప్ఫై ఏళ్ళుగా ప్రతిసారీ అనే మాట అన్నారు.

“మన్ను వేయడానికి బంధువులు ముందుకు రావాలి.”

అన్నాక తలెత్తి చూశారు. ఎదురుగా వరసలు వరసలుగా రాళ్ళు, వాటి మీద పేర్లు. ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకుని తనే వంగబోయారు.

“ఆగండయ్యగారూ,” అన్నాడు పౌలురాజు.

అతను చెప్పులు విడిచి గొయ్యి అంచుకి నడిచాడు. పిడికెడు మన్ను తీశాడు. చల్లగా ఉంది.