రేకు దర్జీ

ఆ ఉదయం ఆకాశం కడగని పాలగిన్నెలా ఉంది. వాన పడేలా లేదు, ఎండ కాసేలా లేదు. పాత సామాన్ల సంతలో అమ్మేవాళ్ళు పట్టాలు పరిచి, మీద కప్పడానికి ఇంకో పట్టా మడిచి పక్కన పెట్టుకున్నారు.

చెల్లెలు అందరికంటే ముందే వచ్చింది. జిప్పులు, బ్యాగులు బాగుచేసే కొట్టు ఆమెది. సంత రోజున మాత్రం కొట్టు ఆలస్యంగా తీస్తుంది. ఎందుకంటే ఆ రోజు అక్క కూడా సంతకు వస్తుంది. అక్కకు పాత బొమ్మలు సేకరించే పిచ్చి. ఇల్లంతా అద్దాల బీరువాలే. మధ్య బీరువాలో, అందరికీ కనబడేచోట, నాన్న దాచుకున్న రేకు దర్జీ బొమ్మ ఉంటుంది. కీ ఇస్తే కాలితో మిషను తొక్కుతాడు, తల వంచి కుడతాడు, నాలుగు కుట్లకోసారి తలెత్తి చూస్తాడు. కానీ అక్క దగ్గర కీ లేదు. దానికి సరిపడే కీ కోసం ఏళ్ళ తరబడి సంతలన్నీ గాలిస్తోంది. ఆమె కంటే ముందొచ్చి, కనిపించిన పాత కీలన్నీ కొనుక్కుపోవడం చెల్లెలి పని.

"ఏమ్మా, నీ కీలు తీసి ఉంచా," అన్నాడు బొమ్మలమ్మే ముసలాయన. లావుపాటి కళ్ళద్దాల వల్ల సంతలో అందరూ ఆయన్ని సోడాబుడ్డి అంటారు. "ఇన్ని ఏం చేసుకుంటావు? ఇంట్లో మీ ఆయనకి గానీ ఇస్తావా?"

"ఆయనకి కీ ఎందుకు తాతా, అరిస్తే చాలు."

సోడాబుడ్డి నవ్వుతుండగా చెల్లెలు సంచీలోంచి ఒక కీ తీసింది. దానికి సీతాకోకచిలుక రెక్కల్లాంటి రెండు చెవులు. ఒక చెవి కొస విరిగి ఉంది. అదే దర్జీ అసలు కీ. నాన్న మంచాన పడ్డాక తిప్పేది ఆమే కాబట్టి కీ ఆమె సంచీలోనే ఉండేది. నాన్న పోయిన మర్నాడు ఆస్పత్రి కాగితాల కోసం వెళ్ళి వచ్చేసరికి నాన్న గదిలో బీరువా మీద దర్జీ లేడు. అక్క తీసుకుపోయింది. పోతే పోనీ అనుకునేదేమో. కానీ ఈ మధ్య పేపర్లో అక్క ఫొటో పడింది, పక్కనే దర్జీ. 'చివరి రోజుల్లో నాన్న ఈ బొమ్మ నా చేతిలో పెట్టి, జాగ్రత్త తల్లీ అన్నాడు' అని కింద రాసి ఉంది. అక్క వచ్చిందే నాన్న పోయాక. ఆ పేపరు చదివిన దగ్గర్నుంచీ చెల్లెలికి తిన్నది ఒంటపట్టలేదు.

దర్జీకి కీ ఎడమవైపు తిప్పాలి. కుడికి బలవంతం చేస్తే లోపల కొక్కెం ఊడి, స్ప్రింగు చుట్టలు చుట్టలుగా విప్పుకుని, ఇక పనికిరాదు. చిన్నప్పుడు తన చేతి మీద చెయ్యి వేసి తిప్పించి నాన్న చెప్పిన రహస్యం అది. తనొక్కదానికే చెప్పాడు. బొమ్మ నిజంగా చేతిలో పెట్టి ఉంటే అక్కకూ చెప్పి ఉండేవాడు. వచ్చే ఆదివారం అక్క ఇంట్లో బొమ్మలు సేకరించేవాళ్ళ విందు ఉంది, తననీ పిలిచారు. కీ దొరికితే అక్క వాళ్ళందరి ముందూ తిప్పకుండా ఉండదు. స్ప్రింగు ఊడిన చప్పుడు వాళ్ళందరూ వినాలి.

చెల్లెలు కీని ముసలాయన బిస్కెట్ డబ్బాలో, తుప్పు కీల అడుగున పెట్టింది.

"ఇవాళ కొనడానికి రాలేదు తాతా. అక్క వస్తే డబ్బా ముందు పెట్టు. నువ్వు తీసివ్వకు. చేతికిస్తే అనుమానిస్తుంది, తనే తవ్వుకుంటే నమ్ముతుంది."

"అక్కాచెల్లెళ్ళ మధ్య నన్నెందుకు ఇరికిస్తావు?"

"నిన్ను ఇరికించేంత సందు మా మధ్య లేదులే."

పక్కన పాత కోట్లు వేలాడదీసిన బండి ఉంది. చెల్లెలు వాటి వెనక నిలబడింది. వేరేవాళ్ళ చెమట వాసన ముక్కుకి కొడుతున్నా కదల్లేదు.

అక్క వచ్చింది. మొదట చక్రం లేని బొమ్మ కారు తీసి బేరమాడింది. తర్వాత కన్ను పోయిన బొమ్మని తిరగేసి పెదవి విరిచింది. చివరికి ఏదో పొద్దుపోక అన్నట్టు డబ్బాలో చెయ్యి పెట్టి కెలికింది. కెలికి కెలికి ఆవలించింది. మంచి సరుకు దొరికినప్పుడల్లా అక్క ఆవలిస్తుంది, అమ్మేవాడికి అనుమానం రాకుండా. పిడికిట్లో కీ పట్టుకుని విరిగిన చెవి మీద బొటనవేలు చాలాసేపు రాసింది. ఆ తర్వాత చక్రం లేని కారు కూడా కలిపి కొనేసింది.

కోట్ల వెనక చెల్లెలు చాలా రోజుల తర్వాత గుండెనిండా ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటి తలుపు బావ తీశాడు.

"రా మరదలా! పిలవగానే వచ్చావంటే నాకు భయంగా ఉంది. మీ అక్కని కొట్టడానికా, నన్నా?"

"నిన్ను కొడితే నాకేమొస్తుంది బావా."

"అదీ నిజమే. మీ అక్క రోజూ కొడుతూనే ఉంది, ఆవిడకీ ఏమీ రాలేదు."

హాల్లో బొమ్మలవాళ్ళు కుర్చీలు నింపేశారు. గోడవారన బల్ల మీద అన్నం, కూరలు మూతలు పెట్టి ఉన్నాయి. నడిమి బల్ల మీద దర్జీ. నీలం చొక్కా మోచేతి దగ్గర రంగు లేచిపోయి రేకు కనబడుతోంది. చిన్నప్పుడు తను అన్నం తిననని మొరాయించిన రోజుల్లో నాన్న ఆ దర్జీని ఆడించేవాడు. దర్జీ తలెత్తేలోపు ముద్ద మింగెయ్యాలి, అదీ ఆట. చివరి రోజుల్లో అదే ఆట ఆడించి చెల్లెలు నాన్నకి తినిపించింది. ఆ రేకు మీంచి చూపు మరల్చుకుని ఆమె గోడకానుకుని నిలబడింది.

అక్క కీ ఎత్తి చూపించింది. "దీనికోసం నేను తిరగని సంత లేదు, ఎక్కని మెట్టు లేదు."

కీ దర్జీ వీపులో పెట్టింది. చెల్లెలు ఆ మణికట్టు మీంచి చూపు తీయలేదు. అక్క తలెత్తి చెల్లెలి వంక చూసింది. చూస్తూనే, తడుముకోకుండా, ఎడమకి తిప్పింది.

దర్జీ మిషను తొక్కాడు. తల వంచాడు, కుట్టాడు, తలెత్తాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గోలలో అక్క చెల్లెలి పక్కకి వచ్చి చెవిలో అంది:

"ఆ కీ చెవి విరగ్గొట్టింది నేనే. నాన్న నాకు తిప్పడం నేర్పాకే నువ్వు పుట్టావే. కీ తనంతట తను సంతకి నడిచి రాదని నాకు తెలీదా? నాన్న బొమ్మ ముక్కలైనా ఫర్వాలేదనుకున్నావు. అవునా?"

చెల్లెలి మొహంలో నెత్తురు లేదు.

ముందు వరుసలోని పెద్దాయన మెచ్చుకోలుగా అడిగాడు, "ఇంత సరిగ్గా సరిపోయిన కీ ఏ సంతలో దొరికిందమ్మా?"

"పాత సామాన్ల సంతలోనండీ. అదృష్టం," అంది అక్క.

"కాదండీ," అంది చెల్లెలు. గొంతు తనకే కొత్తగా వినబడింది. "అది నా సంచీలోది. బొమ్మ విరగాలనే నేను సంతలో పెట్టాను. విరగలేదు, నా ఖర్మ. మంచం మీదున్న నాన్నకి ఈ బొమ్మ ఆడించి ముద్ద పెట్టింది నేను. అక్కా, నాన్న దీన్ని నీ చేతిలో పెట్టింది ఏ రోజు? పేపరుకి చెప్పావుగా, వీళ్ళకీ చెప్పు."

అక్క నోరు తెరిచింది. ఆవలించబోయినట్టుంది. ఆవలింత రాలేదు. కుర్చీల్లో ఉన్నవాళ్ళలో ఒకడు తన బూట్ల వంక చూసుకున్నాడు. పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

చెల్లెలు వెళ్ళి, ఆడుతున్న దర్జీ వీపులోంచి కీ లాగేసుకుంది. అక్క ఆపలేదు.

"వడ్డించెయ్యనా?" అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు. ఆయన కంచాలు పంచాడు.

లేచి వెళ్ళిపోవడానికి ఎవరికీ ధైర్యం చాలక అందరూ కూర్చున్నారు. అక్కాచెల్లెళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. గరిటెల చప్పుడు, బల్ల మీద దర్జీ మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. దర్జీ తల వంచినప్పుడల్లా ఇద్దరూ ముద్ద నోట్లో పెట్టుకుంటున్నారు. తలెత్తేలోపు మింగేస్తున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కుట్టు మెల్లమెల్లగా సడలి, తల వంచినవాడు వంచినట్టే ఆగిపోయాడు. చెల్లెలు కీ ఉన్న ఎడమ పిడికిలి ఒళ్ళో పెట్టుకుని, విప్పకుండా, కంచంలో ఉన్నదంతా తింది.