ఒకే కత్తెర

మోకాళ్ళ మీద కూర్చోవడమైతే కూర్చుంది గానీ, మళ్ళీ లేవడం ఎలాగో శశికళ ఆలోచించుకోలేదు. డెబ్బై రెండేళ్ళ మనిషి చేయాల్సిన పనులా ఇవి? జూన్ ఎండ నెత్తి మాడుస్తోంది. అమెరికాలోని ఈ నేపర్‌విల్ బంకమన్ను గోళ్ళ సందుల్లో గట్టిపడిపోయింది. ఎదురుగా, వేళ్ళతో సహా పెకలించిన రాస్‌బెర్రీ మొక్క పడి ఉంది.

రెండు నెలలుగా ఆ మొక్కలకు ఆమె చేయని వైద్యం లేదు. ఆకులు పసుపుబారితే నీళ్ళు ఎక్కువయ్యాయని తగ్గించింది. తగ్గిస్తే తలలు వాల్చేశాయి. ఈ మట్టిలో ఇనుము అందదని ఎవరో అంటే ఇనుము మందు పోసింది, గంధకం చల్లింది. అంత చేస్తే కాసినవి నాలుగు పళ్ళు, అవీ పట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయాయి. చివరికి విసుగెత్తి, అసలు కింద ఏముందో చూద్దామని పార పట్టుకుంది.

కాండం మొదట్లో, మట్టికి కాస్త దిగువన, నిమ్మకాయంత గరుకు గడ్డ ఉంది. వేళ్ళ పొడుగునా బఠాణీ గింజలంతవి ఇంకా ఉన్నాయి. అదేమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళు ఆసుపత్రి ల్యాబ్‌లో కూర్చుని మనుషుల కణితులు పరీక్షించిన పాథాలజిస్టు ఆమె. మొక్కలకూ కణితి వస్తుందనీ, దాన్ని క్రౌన్ గాల్ అంటారనీ ఎప్పుడో చదివింది. దెబ్బ తగిలిన చోట నుంచి క్రిమి లోపలికి పోతుంది. మందు లేదు. తవ్వి పారేయడమొక్కటే మార్గం.

"ఏవిటోయ్ అది?" అన్నాడు భర్త ధర్మారావు, నీడలో కుర్చీలోంచి కదలకుండా.

"కణితి."

"కోసెయ్, పోతుంది." ఆయన వంతెనల ఇంజనీరుగా రిటైరయ్యాడు. బీట వారినదల్లా అతుకు వేస్తే నిలబడుతుందని ఇప్పటికీ నమ్మకం.

కోయడం అనే మాట వినగానే శశికళకు పక్కన పడి ఉన్న కత్తెర కనిపించింది. ఎర్ర పిడి కత్తెర, పదకొండేళ్ళుగా అదొక్కటే. ప్రతి ఉగాదికీ పచ్చడి తినడానికి వచ్చిన వాళ్ళకు తన రాస్‌బెర్రీ పిలక ఒకటి తవ్వి, పసుపూ కుంకుమా పెట్టి ఇవ్వడం ఆమెకు ఆనవాయితీ. అలా తొమ్మిది ఇళ్ళకు ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా? ఏటా మార్చిలో పిలవకపోయినా అందరిళ్ళకూ వెళ్ళి, ఈ కత్తెరతోనే కొమ్మలు కత్తిరించి వచ్చేది. ల్యాబ్‌లో ఒక రోగి ముక్క కోసిన కత్తి తుడవకుండా మరో రోగి ముక్క మీద పెట్టిన జూనియర్లను ఏడిపించి వదిలిపెట్టిన మనిషి, ఈ కత్తెరను ఒక్కసారీ తుడవలేదు. సిగ్గుతో అలా మట్టిలోనే కూర్చుండిపోయింది.

ఇక అందరికీ చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కు. ముప్పై నాలుగేళ్ళలో ఆమె ఏ రోగికీ చెడ్డ కబురు నోటితో చెప్పలేదు. రిపోర్టు రాసి పంపేది. చెప్పే ఖర్మ ఇంకో డాక్టరుది.

మూడు రోజులు ఫోను చేసింది. ఒకాయన అసలు ఏ మొక్క అని అడిగాడు. విద్య అనే అమ్మాయి, పాపం, కాసేపు నసిగి, "మా ప్లాంట్ డెడ్ అయ్యి టూ మంత్స్ అయింది ఆంటీ. మీరు ఫీల్ అవుతారని చెప్పలేదు" అంది. ఎనిమిది ఇళ్ళూ అయ్యేసరికి శశికళకు గొంతు పోయింది, ఓపికా పోయింది. మిగిలింది పద్మ.

పద్మ భర్త వెంకటస్వామి పోయిన అక్టోబరులో గుండెపోటుతో పోయాడు. శశికళ ఇచ్చిన ఒక్క పిలకను ఆయన ఇంటి వెనక ఇరవై రెండు మొక్కల వరస చేశాడు. ఆయన పోయాక చలికాలమంతా పద్మ ఎవరితోనూ మాట్లాడలేదు. ఏప్రిల్‌లో ఒకనాడు తనే ఫోను చేసి, "అక్కా, ఆయన మొక్కలు చిగురు పెట్టినయ్" అంది. అప్పటి నుంచి పొద్దస్తమానం ఆ వరస దగ్గరే.

"ఆవిడకి చెప్పకు. ఇంకేం మిగిలిందని ఆ మనిషికి?" అన్నాడు ధర్మారావు.

శశికళ కూడా అదే అనుకుంది. ఒక రోజంతా అనుకుంది. కానీ వచ్చే అక్టోబరులో సంవత్సరీకానికి వచ్చే ప్రతి ఒక్కరికీ ఆయన పేరున ఒక మొక్క ఇస్తానని పద్మ అప్పుడే కుండీలు కొనిపెట్టింది. అరవై కుండీలు, అంటే అరవై ఇళ్ళు. మర్నాడు పొద్దున్నే శశికళ కారు తీసింది.

పద్మ వరస మధ్యలో నిలబడి ఉంది. దూరం నుంచి బాగానే ఉన్నాయి మొక్కలు. దగ్గరికి వెళ్తే ఆకుల్లో అదే పసుపు.

"కూర్చో పద్మా. ఒక మాట చెప్పాలి" అంది శశికళ. తర్వాత ఎలా చెప్పాలో తెలియక రిపోర్టు రాసినట్టే చెప్పేసింది. ఇది జబ్బు. మందు లేదు. మొత్తం తీసేయాలి. ఈ చోట నాలుగేళ్ళ దాకా రాస్‌బెర్రీ పెట్టకూడదు.

పద్మ వరస చివరికంటా చూసింది. "నాకేం తెల్వదక్కా, ఒక్కటి ఉంచరాదూ? ఆ మూలకున్నది మంచిగనే ఉన్నది."

ఈ ప్రశ్న ఎంతమంది రోగులు ఎంతమంది డాక్టర్లను అడిగి ఉంటారో. ఆ జవాబు తను రాసిన కాగితాల్లోనే ఉండేది గానీ, అడిగేవాళ్ళ మొహం తను ఏనాడూ చూడలేదు. "లేదమ్మా. ఒక్కటి కూడా ఉంచకూడదు" అంది శశికళ.

మూలనున్న మొక్కనే ముందు తవ్వారు. ఇద్దరూ కలిసి లాగితే వచ్చింది. వేరు మీద గడ్డ, నల్లగా, గట్టిగా ఉంది. కొత్తది కాదు, రెండు మూడేళ్ళ నాటిది.

"ఇది యాడికెల్లి వచ్చింది అక్కా?"

శశికళ దారంతా భయపడుతూ వచ్చింది ఈ మాటకే. మట్టిలోంచి వచ్చిందని చెప్పొచ్చు, నమ్ముతుంది. "మా ఇంటి నుంచి. నేనిచ్చిన మొక్కతో వచ్చిందో, నా కత్తెరతో వచ్చిందో తెలీదు గానీ, నా చేత్తోనే వచ్చింది. క్షమించు పద్మా" అంది.

పద్మ ఆ గడ్డను వేలితో తడుముతూ కూర్చుంది. కోపం వస్తుందని శశికళ ఎదురుచూసింది, రాలేదు.

"పోయిన ఎండాకాలం మీరొచ్చిన్రు, యాది ఉన్నదా? ఆయన గిన్నె నిండ పండ్లు పెట్టిండు. నా మొక్క పండ్లు చూడు ఎంత తీపో అని మీరు మస్తు మురిసిన్రు."

"గుర్తుంది."

"అవి స్టోర్‌ల కొన్నయి అక్కా. మీరొస్తున్నరని పొద్దుగాల పోయి కొనుక్కొచ్చిండు. డబ్బలు నాతోని దాపిచ్చిండు. వీటికి పండ్లే నిలవకుండె. నీళ్ళు మార్చిండు, ఎరువు మార్చిండు. ఏం చేసినా బాగు కాలె. అక్క అంత ప్రేమగ ఇచ్చిన మొక్క, నా చేతుల చెడిపాయె, ఏం మొహం పెట్టుకోని చెప్పాలె అని ఒకటే బాధపడ్డడు. ఎవరికీ చెప్పనియ్యలె నన్ను."

శశికళకు ఆ పళ్ళ రుచి ఇప్పుడు నోట్లోకి వచ్చింది. ఒకటి కాదు, రెండో గిన్నె కూడా అడిగి తిన్నది. మార్చిలో పట్టిన కత్తెర సంగతి ఆ రోజు ఒక్కసారి గుర్తొచ్చి ఉంటే, ఒక్క మొక్క తవ్వి చూసి ఉంటే. ఏడుపొచ్చింది, ఏడ్చింది, మట్టి చేతులతో మొహం తుడుచుకుంది.

"అయితే ఆయన చేసిన తప్పేం లేదన్నట్టు" అంది పద్మ.

"లేదమ్మా. ఆయన చేసిందంతా కరెక్టే."

"ఈ ముక్క పోయినేడు ఎవరన్న చెప్తే ఎంత సంబురపడుతుండెనో."

ఇంకా ఇరవై ఒక్క మొక్కలున్నాయి. పద్మ లేచి, పార తనే తీసుకుని, శశికళను లేపడానికి రెండో చెయ్యి ఇచ్చింది.