అపా చేతిలో పెన్సిల్

ఫౌస్తినో బర్రాగన్‌కు ఇంగ్లీషు చెప్పడం మా వల్ల కాదని ఇద్దరు కాలేజీ పిల్లలు చేతులెత్తేశాక, వాంగ్ మేడమ్ అతని కూతురు ఇట్సెల్‌కు కబురు పెట్టింది.

"మొదటి కుర్రాడు మీ నాన్న చేత కారు బ్రేకులు బాగుచేయించుకున్నాడు. పుస్తకం తెరిస్తే ఒట్టు," అంది మేడమ్. "రెండో అమ్మాయికేమో మీ అమ్మ చేసిన తమాలెలు తినిపించి, ఇంటి కష్టాలన్నీ చెప్పించుకుని, ఓదార్చి పంపాడు. అర్థమైందా అని అడిగితే అయిందంటాడట. ఎంత మర్యాదస్తుడో!"

"అర్థం కాకపోతేనే అలా అంటాడు మేడమ్. అర్థమైతే పోట్లాడతాడు."

"అందుకే నిన్ను పిలిచాను. నీ దగ్గర ఆ మర్యాదలు సాగవు."

సొంతవాళ్లకు పాఠం చెప్పకూడదని ఒక నియమం ఉంది. దాన్ని పెట్టింది వాంగ్ మేడమే, ఆ పూట పక్కకు తోసిందీ ఆవిడే.

ఫ్రెస్నో ఊరు దాటాక, లోయలోని ద్రాక్ష తోటల నడుమ ఉన్న ఆ కాలేజీలో మేడమ్ నడిపే కార్యక్రమానికి ఇంత పొడుగు పేరుంది. పేరెవరికి కావాలి? తలుపుకు పసుపు రంగు వేసి ఉంటుంది కాబట్టి అందరూ పసుపు తలుపు అంటారు. ఇంటి మొత్తంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు, పని చేసుకుంటూ చదివేవాళ్లు ఆ తలుపు తడతారు. పుస్తకాలు అరువిస్తారు, బస్సు పాసిస్తారు, ఆకలేస్తే అలమరలోంచి ఏదో ఒకటి తీసుకు తినమంటారు, పాఠం ఎక్కకపోతే పై తరగతి పిల్లల చేత చెప్పిస్తారు. బదులుగా అడిగేది పాసవ్వమని మాత్రమే. ఒకసారి తప్పితే ఊరుకుంటారు. వరుసగా రెండోసారి తప్పితే మాత్రం అరువు తెచ్చుకున్నవన్నీ తిరిగిచ్చేసి వెళ్లాలి.

ఫౌస్తినో ఒకసారి తప్పాడు. ముప్ఫై ఏళ్లు ద్రాక్ష తీగల కింద వంగి వంగి నడుం పోగొట్టుకున్నవాడు, శీతల గిడ్డంగుల యంత్రాలు బాగుచేసే కోర్సులో చేరాడు. యంత్రాల దగ్గర అతనికి తిరుగులేదు. ఇంగ్లీషు దగ్గరే వచ్చింది తంటా. ఈసారీ తప్పితే అరువు తెచ్చుకున్న పనిముట్ల పెట్టె వెనక్కి పోతుంది, దానితోపాటు కోర్సూ పోతుంది. ఆ నీలం పెట్టెను అతను రోజూ గుడ్డపెట్టి తుడుస్తుంటే భార్య రోసాల్బా, "నన్నెప్పుడైనా అంత ప్రేమగా చూశావా?" అని దెప్పేది. పెట్టె ఇంట్లోంచి పోతే ఆయన మనిషి కాడని ఆవిడకీ తెలుసు, ఇట్సెల్‌కీ తెలుసు.

చదువు చెప్పే పిల్లలకు మేడమ్ మొదటి రోజే ఒక మాట నూరిపోస్తుంది. పెన్సిల్ ఎప్పుడూ నేర్చుకునేవాడి చేతిలోనే ఉండాలి. మీ చెయ్యి ఊరుకోకపోతే తొడల కింద పెట్టుకుని దానిమీద కూర్చోండి. జవాబు అడిగితే చెప్పొద్దు. నువ్వేమనుకుంటున్నావని తిరిగి అడగండి.

మొదటి రోజు ఫౌస్తినో తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నాడు.

"ఈ వాక్యం ఇక్కడ ఆపాలా, ఇంకా సాగదియ్యాలా?"

"నువ్వేమనుకుంటున్నావు అపా?" నాన్నను ఆమె అపా అనే పిలుస్తుంది.

"తెలిస్తే నిన్నెందుకు అడుగుతా?"

"అయినా సరే. ఏమనుకుంటున్నావు?"

"నువ్వు పుట్టినప్పుడు పది రోజులు కళ్లే తెరవలేదు, మొండిపిల్లని అప్పుడే అనుకున్నా. అదీ నేననుకుంటున్నది!" పక్క బల్లలవాళ్లు పకపకా నవ్వారు. "ఈ కాలేజీవాళ్లు నీకు జీతమిచ్చి మరీ నేర్పిన విద్య ఇదా? అడిగింది చెప్పకపోవడం?"

ఇట్సెల్ తొడల కింద చేతులు పెట్టుకుని గుడ్లురిమింది. ఆ ఉరిమే కళ్లు తండ్రివే. ఒకరిమీద ఒకరు అరుచుకుంటూనే వారాలు గడిపారు. అరుచుకున్నారంటే పాఠం ఎక్కుతోందనే అర్థం. ఇట్సెల్‌కు లోలోపల సంబరంగానే ఉండేది.

క్లాసయ్యాక ఇద్దరూ ఒకే బండిలో ఇంటికి పోయేవాళ్లు. నడిపేది ఆయనే. లోయలో పంతొమ్మిదేళ్లొచ్చి బండి నడపడం రాని పిల్లలు వెతికినా దొరకరు. ఇట్సెల్‌కు రాదు. తప్పు ఆమెది కాదు. ఫౌస్తినో ఎన్నిసార్లో నేర్పబోయాడు. బండి నాలుగు గజాలు కదిలిందో లేదో, పక్క సీట్లోంచి చెయ్యి చాచి స్టీరింగ్ లాగేసుకునేవాడు. "కాలవలో పడేస్తావు తల్లీ, దిగు దిగు!" అనేవాడు. చివరికి ఆ పిల్లే విసిగిపోయి బస్సు పాసు చాలనుకుంది.

ఆఖరి వ్యాసం ఇవ్వాల్సిన శుక్రవారం రానే వచ్చింది. ఈ మధ్య కంప్యూటర్ల చేత రాయిస్తున్నారని ఇంగ్లీషు మాస్టారు చేతిరాతే కావాలన్నాడు. నాలుగింటికల్లా ఆయన బల్లమీద ఉండాలి. నా వల్ల కాదనుకున్న పనిని ఎలా నేర్చుకున్నానో రాయాలి. మూడు దాటేసరికి ఫౌస్తినో కాగితం మీద మూడంటే మూడు వాక్యాలున్నాయి. తాత తనకు కొమ్మలు కత్తిరించడం నేర్పాడట, అది కష్టమట, తర్వాత తేలికైందట. అంతే.

"నడుం పట్టేసింది. అటూ ఇటూ నడిచొస్తా," అని లేచి వెళ్లాడు. కిటికీలోంచి చూస్తే వరండాలో వీపు మీద చెయ్యి వేసుకుని వంకరగా నడుస్తున్నాడు.

ద్రాక్ష కోతల్లో ఒక అలవాటుంది. ఇంటిల్లిపాదీ తలో వరుసా పట్టుకుంటారు. ముందు ముగించినవాడు నీడకు పోయి కూర్చోడు. వెనకబడినవాడి వరుసకు అవతలి చివర నుంచి కోసుకుంటూ ఎదురొస్తాడు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఇట్సెల్ ఎప్పుడూ వెనకే ఉండేది. ఎండకు కళ్లు బైర్లు కమ్ముతుంటే, ఆకుల మధ్యనుంచి అపా టోపీ కనబడేది. ఆ టోపీ కనబడిందంటే ప్రాణం లేచొచ్చేది.

పెన్సిల్ ఎప్పుడు చేతిలోకి తీసుకుందో ఆమెకే తెలియదు. గబగబా వేరే కాగితం నిండా రాసేసింది. అపా పుట్టిన మిచోకాన్‌లో చలి పొద్దులు, కొయ్యబారిన వేళ్లు, తాత గొంతు, తెగిన కొమ్మ వాసన... అన్నీ వచ్చాయి అందులో. పుస్తకాల్లో ఉండే ఇంగ్లీషు.

ఫౌస్తినో తిరిగొచ్చి పెదాలు కదుపుతూ మెల్లగా చదువుకున్నాడు.

"అబ్బ! ఎవరే ఈయన? చాలా గొప్పోడిలాగున్నాడే!"

"నువ్వే అపా. తొందరగా ఎక్కించెయ్ నీ రాతతో. టైము లేదు."

ఆయన కూర్చుని, బుద్ధిగా మొదటి వాక్యం ఎక్కించాడు. ఇట్సెల్ హమ్మయ్య అనుకుంది. రెండో వాక్యం సగంలో పెన్సిల్ ఆగిపోయింది.

"ఈయన నాకు తెలీదు తల్లీ."

"అపా! నేను ఎదురొచ్చా, అంతే! నువ్వు రాలేదూ నా వరుసకి? ఎన్నిసార్లు రాలేదూ?" తను రాసిన కాగితాన్ని ఆయన ముందుకు తోసింది. "ఇది తప్పితే పెట్టె పోద్ది. మళ్లీ ఆ తీగల కింద వంగి చస్తావా?"

"ద్రాక్షకు ఎవరు కోశారో పట్టదు. ఇది ద్రాక్ష కాదు," అన్నాడు ఫౌస్తినో, ఎంతో నెమ్మదిగా. "రేపు గిడ్డంగిలో యంత్రం ఆగిపోద్ది. దాని పుస్తకం ఇంగ్లీషులో ఉంటది. అక్కడ నేనొక్కణ్ణే ఉంటా. అప్పుడు కూడా ఎదురొస్తావా?"

"వస్తా!"

"వస్తావులే, నాకు తెల్దూ? ఎట్లా వస్తావు? నీకు బండి నడపడం వచ్చిచావదుగా!"

నవ్వించడానికే అన్నాడు. నవ్వబోయాడు కూడా. కానీ అన్న మాట తనకే ఎక్కడో తగిలింది. కూతురి మొహంలోకి చూశాడు, తర్వాత బల్ల కింద తొడల మీదున్న ఆమె చేతులకేసి చూశాడు. కూతురు రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తన కాగితాన్ని ఉండచుట్టి పారేశాడు. కొత్త కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఇట్సెల్ తొడల కింద చేతులు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. మధ్యలో ఒకసారి ఆయన తలెత్తి, "ఇక్కడ ఆపాలా?" అన్నాడు.

"నువ్వేమనుకుంటున్నావు?" అంది, ఏడుపు గొంతుతో.

"దుర్మార్గురాలా," అని గొణిగి ఆపేశాడు. నాలుగు కొట్టబోతుండగా నడుం నొప్పి మరిచిపోయి మాస్టారి గదికి పరుగెత్తాడు.

సాయంత్రం ఇట్సెల్ పసుపు తలుపు తోసుకెళ్లి, పెన్సిల్ ముట్టుకున్నానని మేడమ్‌తో చెప్పేసింది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. వాంగ్ మేడమ్ తింటున్న అన్నం డబ్బా ఆమె వైపు జరిపింది.

"సొంతవాళ్లకు చెప్పొద్దని ఎందుకు పెట్టాననుకున్నావు? మా అమ్మ పౌరసత్వం పరీక్షకు నేనే చదివించాను. ఒక్క జవాబూ ఆవిణ్ణి చెప్పనివ్వలేదు, అన్నీ నేనే అందించేసేదాన్ని. పరీక్ష నుంచి బిక్కమొహం వేసుకుని వచ్చింది, పాపం. తిను. మళ్లీ ముట్టుకుంటే మాత్రం ఊరుకోను."

తర్వాతి వారం వ్యాసం తిరిగొచ్చింది. అంతా ఎర్ర గీతలే. కింద పాసు మార్కు ఉంది, బొటాబొటీగా. దాని పక్కన మాస్టారు "ఇంకా రాయండి" అని రాశాడు. కాలేజీ వాకిట్లో బండి పక్కన నిలబడి ఫౌస్తినో దాన్ని కూతురి చేతికిచ్చాడు.

ఇట్సెల్ చదివింది. అన్నీ పొట్టి వాక్యాలు. నాకు కోయడం వచ్చు. నాకు యంత్రాలు వచ్చు. నా కూతురికి బండి నేర్పడం మాత్రం రాలేదు. నేను ప్రతిసారీ స్టీరింగ్ లాక్కున్నాను. నా కూతురు నాకు ఇంగ్లీషు నేర్పింది. తను చేతుల మీద కూర్చుంటుంది. చేతుల మీద కూర్చోవడం చాలా కష్టమైన పని. నేను తన దగ్గర దాన్ని నేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

చదివి ఆమె తలెత్తేసరికి ఆయన అవతలి తలుపు తీసుకుని పక్క సీట్లో కూర్చుని ఉన్నాడు. తాళాలు స్టీరింగ్ ముందు వేలాడుతున్నాయి.

"ఏంటట్లా చూస్తావు? మీ అమ్మ పొసోలె వండింది, చల్లారిపోద్ది."

"అపా, నాకు రాదు."

"నాకూ రాలేదుగా ఇంగ్లీషు. ఎక్కు."

బండి రెండు గంతులేసి కదిలింది. కాలేజీ గేటు దాటింది. తోటల మధ్య రోడ్డు మీద ఎదురుగా ట్రాక్టరొస్తే ఇట్సెల్ ఊపిరి బిగబట్టింది. పక్కనుంచి చెయ్యి వస్తుందని ఎదురుచూసింది. రాలేదు. ట్రాక్టరు పక్కనుంచి వెళ్లిపోయింది. కాస్త దూరం పోయాక కాలవ దగ్గర రోడ్డు రెండుగా చీలింది. ఎడమ దారి దగ్గరే గానీ వంతెన ఇరుకు. కుడి దారి చుట్టు, కానీ వెడల్పు. ఆమె బండి ఆపి, ఓరగా చూసింది.

ఫౌస్తినో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద గట్టిగా కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చెమట. మేరీమాతను తలుచుకుంటున్నట్టు పెదాలు కదులుతున్నాయి.

"ఎటు పోవాలి అపా?"

ఆయన కాలవకేసి చూశాడు, వంతెనకేసి చూశాడు, గుటక మింగాడు.

"నువ్వేమనుకుంటున్నావు తల్లీ?" అన్నాడు.