లచ్చమ్మ వంటింట్లో క్రషర్ దుమ్ము

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక గల్లీలో ఉన్న ఆడపిల్లల హాస్టల్‌కు లచ్చమ్మ వండిపెడుతుంది. అన్నం దించగానే గబగబా మూతలు పెట్టేస్తుంది. పొద్దెక్కితే దుమ్ము రాలుతుంది మరి. రోడ్డు దుమ్ము కాదు, కొడుకు మహిపాల్ పనిచేసే కంకర క్రషర్ దుమ్ము. ఆ క్రషర్ ఎక్కడో దూరాన గుట్టల్లో ఉంది. అక్కడ రాయి పేల్చారంటే ఇక్కడ పళ్లేలు గలగలమంటాయి, స్లాబు నుంచి తెల్లటి పొడి దిగుతుంది. కిటికీ మూసినా అంతే, తెరిచినా అంతే.

"అక్కా, నీ కొడుకు డ్యూటీ ఎక్కిండు, పెరుగు మీద మూత పెట్టు!" అని పిల్లలు నవ్వుతారు.

లచ్చమ్మ కూడా నవ్వుతుంది. కానీ ఈ పొడే కదా వాడి ఊపిరిలోకి పోయేది. ఫోన్ చేస్తే మిషన్ల మోతలో మాట వినపడదు, దగ్గు వినపడుతుంది.

"వచ్చేయ్‌రా."

"వచ్చి ఏం జెయ్యాలె? నాకు గీ పని తప్ప ఇంకోటి రాదు!" అని అరుస్తాడు.

హాస్టల్‌లో ఉండే నవీనకు పంజాగుట్టలో ఉద్యోగం. క్రషర్ల దుమ్మూ మోతా కొలిచే కంపెనీ. మొన్న కొలవడానికి మహిపాల్ వాళ్ల క్రషర్‌కే పోయొచ్చింది.

"మావోనికి దుమ్ము తగ్గుతదా బిడ్డా?"

నవీన ముద్ద కలుపుతూ ఆగిపోయింది. "వాళ్లు చెట్టు కింద కుర్చీలేసి చాయ్ ఇచ్చిన్రక్కా. మేం కొలిచే మిషన్ ఆ నీడకే పెట్టినం. గాలి అటు రానేలేదు. అంతా మంచిగున్నట్టే వచ్చింది."

"మళ్ల పోయి కొల్వరాదు?"

"సార్ పోనియ్యడు. ఎక్కువ మాట్లాడితే నా నౌకరీ పోతది."

పళ్లేలు గలగలమన్నాయి.

మర్నాడు నవీన ఆ కొలిచే మిషన్ తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టింది. ఆ అంకెలే రాసి, వంటింట్లో కొలిచానని కూడా రాసి, సార్‌కు చెప్పకుండా సర్కారు ఆఫీసుకు పంపింది. వంటింట్లో కొలవడమేంటని ఎవరూ అడగలేదు. ఉద్యోగం మాత్రం పోయింది. అప్పటినుంచి ఇంటర్వ్యూలు లేని రోజు లచ్చమ్మ పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

ఒక మధ్యాహ్నం దుమ్ము రాలలేదు. పళ్లేలు కదల్లేదు. లచ్చమ్మ గరిటె పట్టుకుని పైకే చూస్తూ నిలబడిపోయింది. ఫోన్ చేసింది. ఎత్తలేదు.

"నా కొడుక్కు ఏమైందే నవీనా!"

అంతలో మూత మీద టప్పున చుక్క పడింది. ఇంకోటి. తడిసిన రాయి వాసన. నవీన అరచేయి చాపింది. "నీళ్లు గొడుతున్నరక్కా. దుమ్ము లేవకుండ."

ఫోన్ మోగింది.

"అమ్మా."

"ఏందిరా అంత మెల్లగ? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న. సర్కారోళ్లు వచ్చిపోయినంక మిషన్ సుట్టూ రేకులు గట్టిన్రు. మోత తగ్గింది. ఇగ అరుసుడెందుకు?"

"ఇంకేమన్న చెప్పురా."

"ఏం చెప్పాలె?"

"ఏదన్న చెప్పు." లచ్చమ్మ ఫోన్ చెవికి ఆనించుకుని, ఒక్కొక్క గిన్నె మీది మూతా తీసేసింది. ఆ పూట అన్నం కొంచెం తడిసింది. ఎవరూ వంక పెట్టలేదు.