నలభై ఎనిమిది నిమిషాల ఏడుపు

ఏడుగంటలు కాకముందే ప్రభావతి పిల్లలగదిలో నాలుగు మేకులకీ నాలుగు గుడ్డపీలికలు తగిలించింది. అయిదో మేకు ఖాళీగా ఉంది. దాని పక్కన గోడమీద పెన్సిలుతో చేపబొమ్మ గీసి ఉంది. అది సుమతి మేకు.

పీలికలంటే ఏ పాతగుడ్డలో కాదు. ఒక్కోటీ ఒక్కో తల్లి కట్టి విడిచిన చీరలోంచి చింపింది. ఉతక్కూడదు, ఎండలో వెయ్యకూడదు. తల్లిమీద బెంగపుట్టిన పిల్లకి ఆ పీలిక చేతికిచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి. చెమట, వంటనూనె, పౌడరు, ఏది ఉంటే అదే ఆ పిల్లకి అమ్మ. ముప్పై ఏడేళ్ళుగా ఆ గదిలో ఇదే పద్ధతి.

పద్ధతి పెట్టింది రత్నకుమారి మేడమ్ గారు. బందరు సముద్రపు ఇసకలో ఎంత రేడియోధార్మికత ఉందో కొలవడానికి సొంతంగా పరికరం కట్టుకున్న మనిషి. ఫిజిక్సు అంటే మగవాళ్ళ చదువని ఊరంతా ముక్కున వేలేసుకున్న రోజుల్లో, ఏడాదిన్నర కొడుకుని చంకనేసుకుని కాలేజీ ల్యాబుకి వచ్చేది. ల్యాబు పక్కగది ఖాళీ చేయించి, ఇరవై ఏళ్ళ ప్రభావతిని ఆయాగా పెట్టి, తన కొడుకుతోపాటు ఊడ్చేవాళ్ళ పిల్లల్నీ అందులో కూర్చోబెట్టింది.

"చెప్పకుండా ఏ తల్లీ జారుకోకూడదు ప్రభావతీ. వెళ్తున్నానని చెప్పి, చేతిలోంచి చేతిలోకి ఇవ్వాలి. ఏడిస్తే ఏడవనీ, ఒళ్ళోంచి మాత్రం దింపకు" అనేది. ఆపైన స్టాప్‌వాచీ నొక్కి, ఎంతసేపు ఏడ్చారో పుస్తకంలో రాసుకునేది. ఇసకని కొలిచిన చేత్తోనే ఏడుపునీ కొలిచింది ఆ తల్లి.

వాకిట్లో చేపలబుట్ట దించిన చప్పుడైంది. గిలకలదిండి నుంచి సుమతి తల్లి తాతమ్మ. చంకలో రెండేళ్ళ సుమతి, చేతిలో నీలంచీర పీలిక.

"అమ్మ చేపలమ్ముకుని ఒంటిగంటకి వచ్చేస్తాదమ్మా. అత్త దగ్గరుండు" అని, పిల్లని ప్రభావతి చేతుల్లో పెట్టింది. "ఇయ్యాల ఏదో మీటింగంట కదక్కా? పిల్ల ఏడిస్తే ఎవరన్నా ఏమన్నా అంటారా?"

"నేనున్నాగా. నువ్వెళ్ళు."

సుమతి ఆరునిమిషాలు ఏడ్చి, పీలిక ముక్కుకి ఆనించుకుని ఊరుకుంది. ప్రభావతి దాన్ని అయిదో మేకుకి తగిలించింది. మూడు వారాల కిందట గంటసేపు గుక్కపట్టేది. ఇంకొక్క నెల గడిస్తే ఈ పిల్ల గట్టెక్కుతుందని ప్రభావతికి తెలుసు. ఆ నెలరోజులే ఇప్పుడు కరువయ్యాయి. ఆవేళ మేడమ్ గారి డెబ్బయ్యో జయంతి. మధ్యాహ్నంనుంచి ఈ గది స్మారకమందిరం. పిల్లలగది ఎత్తేస్తారు, ఆయా ఆఫీసులో ఊడ్చుకోవచ్చు. ఒక్క నెల ఆగమని కమిటీ సెక్రటరీని రెండుసార్లు బతిమాలింది. ఫంక్షను కానీ చూద్దాం అన్నాడాయన.

ఆ సెక్రటరీ శ్యాంబాబు మేడమ్ గారి కొడుకే. ఆ ఏడాదిన్నర పిల్లాడే.

తొమ్మిదింటికి పట్టులాల్చీలో వచ్చి, గుమ్మంలోనే సెంటురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఏంటీ చేపలకంపు? పదింటికి చీఫ్‌గెస్టు గారొస్తున్నారు!"

"పిల్లల గుడ్డలు బాబుగారూ. అమ్మగారు పెట్టిన పద్ధతేగా."

"అమ్మ రోజులు వేరు. తీసెయ్యి అవన్నీ."

కృత్తివెన్నులో రొయ్యలచెరువుల సంపాదనతో మేడ కట్టిన మనిషికి చేపలవాసన పడలేదు! ప్రభావతికి ఒళ్ళు మండింది. ఆయన ఇచ్చిన తాళంచెవితో అద్దాలపెట్టె తీసి తుడిచింది. లోపల మేడమ్ గారి బంగారుపతకం, కళ్ళజోడు, ఆ స్టాప్‌వాచీ, ఆ పుస్తకం. స్టాప్‌వాచీ మొన్నటిదాకా ప్రభావతి దగ్గరే ఉండేది. మందిరానికి కావాలని పట్టుకుపోయారు. పెట్టెకి తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, పిల్లలకి పాలు కాచడానికి వెనకవైపు వరండాలోకి వెళ్ళింది. సుమతిని కూడా ఎత్తుకెళ్ళింది.

పాలగ్లాసులతో తిరిగొచ్చేసరికి మేకులు బోసిగా ఉన్నాయి.

ఫంక్షనుకి కూలికొచ్చిన ఇద్దరు మనుషులు నేలమీద వంగి గది తుడుస్తున్నారు. బక్కెట్లో ఫినాయిలు. ఆ ఫినాయిల్లో తేలుతూ పీలికలు. పసుపుది, ఎర్రది, పూలది, గళ్ళది. నీలంది ఒకడి చేతిలో ఉంది. దాంతో వాడు గుమ్మం దగ్గర ఎవరో ఉమ్మిన కిళ్ళీమరక రుద్దుతున్నాడు.

ప్రభావతి గ్లాసులు కిందపెట్టింది. "ఛీ! ఎవర్రా అవి తియ్యమంది?"

"పీలికలేగమ్మా. సెక్రటరీగారు వాడెయ్యమన్నారు."

నీలంది లాక్కుని, కుళాయి కింద జాడించి, గట్టిగా పిండి సుమతికిచ్చింది. పిల్ల ఆశగా ముక్కు దగ్గర పెట్టుకుంది. మరుక్షణం దూరంగా తోసేసి, ఖాళీ మేకుని చూపిస్తూ గుక్కపట్టింది. మిగతా నలుగురూ అందుకున్నారు. సున్నం, బంతిపూలు, పన్నీరు, ఫినాయిలు, అన్నీ కలిసిన ఆ కంపుకంటే గిలకలదిండి చేపలదిబ్బ నయమనిపించింది.

మీటింగు మొదలైంది. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. మేడమ్ గారి కళ్ళు ఆవేళ బారెడయ్యాయి. బతికుండగా ల్యాబుకి కరెంటు కోసేస్తామన్న పెద్దమనిషే ఆమెని సరస్వతి అన్నాడు. ఇంకొకాయన, ఆమె పసిపిల్లలని ఎంత ప్రేమించేదో పావుగంట చెప్పి, "ఆ పిల్లల గోలేంటి, కాస్త అవతలికి తీసుకెళ్ళండి" అన్నాడు మైకులోనే.

ప్రభావతి సుమతిని భుజానేసుకుని గోడవారగా నిలబడింది. ఆ గోల వినలేక మిగతా నలుగురి తల్లులూ పరుగున వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోయారు. చివరికి సుమతి ఒక్కతే మిగిలింది.

విశాఖపట్నం నుంచి వచ్చిన చీఫ్‌గెస్టు అద్దంలోంచి తెరిచిపెట్టిన పుస్తకంమీదికి వంగాడు. ఒక మూల అరవై మూడు అని సంవత్సరం, ఒక గ్రాఫు, కింద అంకెలు. మరేమీ రాసి లేదు. "నలభై ఎనిమిది. ముప్పై ఆరు. ఇరవై ఏడు. పంతొమ్మిది..." అని బిగ్గరగా చదివి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "అరవై మూడులోనే, ఈ చిన్న ఊళ్ళో! రేడియోధార్మిక పదార్థం క్షీణించే తీరు ఎంత చక్కగా కొలిచారండీ!"

చప్పట్లు. శ్యాంబాబు అందరికంటే గట్టిగా కొట్టాడు.

ప్రభావతికి ఆ అంకెలు కంఠతా వచ్చు. అమ్మగారు గుమ్మం అవతల వాచీ నొక్కుతుంటే, లోపల పిల్లాడి కన్నీళ్ళకి భుజం తడుపుకున్నది తనే. నవ్వు రాబోయి, అంతలోనే రోత పుట్టింది. చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉన్నారు, ఏడుపుని ఏడుపని గుర్తుపట్టిన వాడొక్కడు లేడు.

జనం టిఫిన్లకి కదిలాక శ్యాంబాబు దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారూ, అవి ఇసక లెక్కలు కాదండీ. మీ ఏడుపు."

"ఏంటి?"

"అమ్మగారు గది దాటాక మీరు ఏడ్చిన నిమిషాలు. మొదటిరోజు నలభై ఎనిమిది. రెండువారాలకి రెండయ్యాయి. అమ్మగారి చీర పీలిక పట్టుకుని, నన్ను పబ్బా అని పిలిచేవాళ్ళు."

అతను చుట్టూ చూశాడు, ఎవరన్నా విన్నారేమోనని. "నీకేం తెలుసు? ఆయన ఎంత పెద్ద సైంటిస్టో! ఇంకెక్కడా అనకు."

"అననులెండి. ఆ నెలరోజుల సంగతి..."

"గది ఇక మందిరం. తాళంచెవి ఆఫీసులో ఇచ్చెయ్యి." రుమాలు మళ్ళీ ముక్కు దగ్గరికి వెళ్ళింది. సుమతి అతని కేసే చూస్తోంది, ముక్కు కారుతూ.

ప్రభావతికి ఎప్పటిదో మాట గుర్తొచ్చింది. "పెద్దయ్యాక మనల్ని మర్చిపోతారే. మర్చిపోతే పని బాగా చేశామని లెక్క" అనేది మేడమ్ గారు. బాగా చేశాం అమ్మగారూ, మరీ బాగా చేశాం అనుకుంది. కోపం కూడా రాలేదు. నోట్లో ఏదో చేదు ఊరింది, ఉమ్మెయ్యాలనిపించింది, అంతే.

గదిలో ఎవరూ లేరు. పెట్టె తెరిచింది. మళ్ళీ మూసి తాళం వేసింది. తాళంచెవి చేపబొమ్మ పక్కన ఖాళీ మేకుకి తగిలించింది. పెన్షనుకి ఇంకా మూడేళ్ళుంది. ఆ సంగతి గుర్తుండే, వెనక్కి చూడకుండా గేటు దాటింది.

కోనేరు సెంటరులో తాతమ్మ బుట్టలో ఇంకా నాలుగు చేపలున్నాయి. ప్రభావతిని చూడగానే కంగారుగా లేచింది. "అదేంటక్కా, ఇంత ఎండలో?"

"చేతులు తుడుచుకోకు. అలాగే అందుకో."

చేతిలోంచి చేతిలోకి ఇచ్చింది. సుమతి తల్లి మెడలో ముఖం దాచుకుని, ఒక్క ఎక్కిలి పెట్టి, ఊరుకుంది.

"రేపు గదికి తీసుకురాకు. అక్కడ నేనుండను" అంది ప్రభావతి. "పొద్దున్నే మా ఇంటికి పట్టుకురా. ఇంకో పీలిక చింపి తీసుకురా."

ఆ సాయంత్రం ఫోటోలవాడు స్మారకమందిరంలో దీపాలు వేసినప్పుడు, అద్దం వెనక బంగారుపతకాన్ని సగం కప్పుతూ నీలంచీర పీలిక ఒకటి ఉంది, దాని అంచుకి ఫినాయిలుకి కూడా ఊడని చేపపొలుసు అతుక్కుని మెరుస్తోంది.