తెల్ల మాత్ర

ముసురు పట్టి అది నాలుగో రోజు. వీధిలో నీళ్ళు మోకాళ్ళు దాటి నడుముకొచ్చాయి. కింది వాటాలో ఉండే ఇస్త్రీ ఆవిడ తెల్లవారుతూనే బట్టల మూటలన్నీ పైకి చేరవేసి, డాబా తలుపు దగ్గర మెట్ల మీదే కాపురం పెట్టింది. కరెంటు పోయి ఒక పూట దాటింది. మొదటి అంతస్తులో, రెండు గదుల ఇంట్లో, గడియారాలు బాగుచేసే ఆయన భార్య మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో అతను ఆమెకు సేవలు చేసిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె చేయనిస్తే కదా. షుగర్ వచ్చి ఆరేళ్ళయినా, ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో, వేలు గుచ్చుకుని ఆ చిన్న మిషన్‌లో ఏం చూసుకుంటుందో అతనికి తెలియదు. "మీ కొట్లో పనిముట్లు నేను ముట్టుకుంటున్నానా? నా మందుల జోలికి మీరు రాకండి" అనేది. అతనికీ ఆ ఒప్పందం హాయిగానే ఉండేది.

మొన్న స్కూలు నుంచి తడిసి ముద్దై వచ్చింది. రాత్రికి ఒళ్ళు కాలిపోయింది. నిన్న సాయంత్రానికి లేచి కూర్చునే ఓపిక కూడా లేక, "ఏవండీ, అల్మరాలో డబ్బా ఉంది. అందులో తెల్ల మాత్ర, జ్వరానిది. ఆరు గంటలకొకటి ఇవ్వండి" అంది. గడియారాల మనిషి కదా, నిమిషం అటూ ఇటూ కాకుండా ఇచ్చాడు. సాయంత్రం ఆరింటికి ఒకటి, అర్ధరాత్రి ఒకటి, పొద్దున ఆరింటికి మరొకటి. తిండి మాత్రం ఆమె ముట్టలేదు. రెండు గుక్కల పాలు తాగితే అవీ కక్కేసింది.

ఎనిమిదిన్నరకి ఆమెకు చెమటలు పోశాయి. నుదురు తాకి చూస్తే చల్లగా ఉంది. అమ్మయ్య, జ్వరం దిగింది అనుకున్నాడు. దుప్పటి తీసి, తువాలుతో మెడ తుడిచాడు.

"టీచరమ్మా, కాసిని పాలు తాగుతావా?"

ఆమె కళ్ళు తెరిచి, దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసింది. "బెల్లు కొట్టారా?"

"ఏ బెల్లు?"

"పేపర్లు ఇచ్చెయ్యండి. వెనక బెంచీ... మాట్లాడకూడదు."

మొదట అతనికి నవ్వొచ్చింది. ఆ తర్వాత ఆమె చేతులు చూశాడు. వణుకుతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. తువాలు అప్పుడే తడిసిపోయింది. ఇది జ్వరం దిగడం కాదని అతని గుండెకి ముందు తెలిసింది.

ఫోను పట్టుకుని డాబా తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ఆ మేడలో సిగ్నల్ దొరికేది అక్కడొక్కచోటే. భార్య అక్క ఊరికి అవతల ఆస్పత్రిలో హెడ్ నర్సు. ముక్కుసూటి మనిషి. నాలుగోసారికి తీసింది.

"వదినా, మీ చెల్లెలికి చెమటలు పడుతున్నాయి. ఏదేదో మాట్లాడుతోంది."

"చల్లటి చెమటలా? మనిషిని గుర్తుపడుతోందా?"

"పట్టట్లేదు."

"షుగర్ పడిపోయింది. వినండి మరిదిగారూ. మింగగలిగితే కూర్చోబెట్టి పంచదార నీళ్ళు కొద్దికొద్దిగా పట్టించండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు, పొరపోతుంది. పంచదార తడిపి చిగుళ్ళకి రాయండి. ఫోన్ మాత్రం పెట్టెయ్యకండి."

కిందికి వెళితే సిగ్నల్ పోతుంది. మూటల మధ్య నుంచి ఇస్త్రీ ఆవిడ చెయ్యి చాపింది. "ఇటివ్వండి బాబూ. ఆవిడ చెప్పేది నేను అరుస్తాను, మీరు అరిచింది ఆవిడకి చెప్తాను. నా గొంతు సంగతి మా ఆయన్ని అడగండి, పై ఊళ్ళో ఉన్నా వినపడుతుందంటాడు."

పంచదార డబ్బాలో చెమ్మకి గడ్డ కట్టింది. చెంచా వెనక్కి తిప్పి పొడిచాడు. గ్లాసులో కలిపి, ఆమెను భుజానికి ఆనించుకుని, అంచు పెదవులకి తాకించాడు. కొంచెం మింగింది, కొంచెం అతని చొక్కా మీద కార్చింది.

మెట్ల మీద నుంచి కేక: "ఏం మందులు వేశారో చెప్పమంటున్నారు!"

"జ్వరం మాత్రలే!"

"షీటు మీద పేరు చదవమంటున్నారు!"

డబ్బా తెచ్చాడు. షీటు సగం చిరిగి ఉంది. మిగిలిన అక్షరాలు చీమల్లా ఉన్నాయి. చొక్కా జేబులోంచి పని భూతద్దం తీసి కంటికి పెట్టుకుని చదివాడు. ఆ పేరు అతనికి తెలిసింది కాదు. దాని అడుగున ఇంకో షీటు కనిపించింది, ఒక్క మాత్రా ఊడకుండా నిండుగా. జ్వరం మాత్రలవి. అంటే తనిచ్చినవి ఆమె షుగర్ మాత్రలు.

రాత్రంతా తన చేత్తో తనే ఇచ్చాడు, అదీ గడియారం చూసి మరీ. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కడుపులో ఏమీ లేక పడిపోయిందంటే సరిపోదూ? ఈ వదిన పెళ్ళినాడే, వీడి చేతిలో పెడితే మన పిల్ల నిలుస్తుందా అన్న మనిషి.

"బాబూ! ఏం వేశారంటున్నారు!"

ఆమె తల అతని భుజం మీంచి ఇంకాస్త జారింది.

"షుగర్ మాత్రలు," అని అరిచి, షీటు మీది పేరు కూడా చదివాడు. మేడంతా మోగింది. "మూడు. జ్వరానివనుకుని నేనే ఇచ్చాను."

తర్వాత ఇస్త్రీ ఆవిడ, ఈసారి అరవకుండా, నాలుగు మెట్లు దిగొచ్చి చెప్పింది. "తిట్టలేదు బాబూ. చెప్పి మంచి పని చేశారంది. ఆ మందు రేపటిదాకా లాగుతుందట. ఇప్పుడు తేరుకున్నా మళ్ళీ పడిపోతుందట. మిషన్‌తో చూడమంటోంది."

ఒక్కో మాటా మెట్లు దిగి వచ్చింది: సూది ఎక్కడ పెట్టాలి, వేలి కొసకి ఏ పక్కన గుచ్చాలి, చుక్కని ఎక్కడ తాకించాలి. వెంట్రుకవాసి చక్రాలు పట్టుకునే చెయ్యి రెండుసార్లు గురి తప్పింది. మూడోసారి అంకె వచ్చింది. నలభై ఒకటి.

ఇంకో గ్లాసు పట్టించాడు. పావుగంటకి అరవై ఎనిమిది. ఆమె అతని మొహంలోకి చూసి, "ఎందుకలా ఏడుపు మొహం పెట్టారు?" అంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. రొట్టె ముక్క పాలల్లో నానబెట్టి తినిపించాడు. కానీ ఇంకో ముప్పావుగంటకి అంకె మళ్ళీ యాభై రెండుకి జారింది. పంచదార డబ్బా అడుగంటింది. ఇస్త్రీ ఆవిడ తన మూటల్లోంచి ఒక పంచదార పొట్లం తీసిచ్చి, ఫోన్‌లో విన్నది చెప్పింది. "అంబులెన్సులో ఆవిడే వస్తోంది. పెద్ద రోడ్డు దాకానే వస్తుందట, ఇటు రావడం కుదరదట. మనమే తీసుకెళ్ళాలి."

"ఈ నీళ్ళల్లోనా?"

"నా బండి ఉందిగా."

ఇద్దరూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. ఇస్త్రీ బండి చక్రాలు పూర్తిగా మునిగాయి గానీ, బల్ల నీళ్ళకి పైనే ఉంది. పరుపు వేసి పడుకోబెట్టి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పారు. అతను ముందుండి లాగాడు, ఆవిడ వెనక నుంచి తోసింది.

"ఎడమకి పోవద్దు, అక్కడ కాలవ మూత లేదు. గోడ పట్టుకుని నడవండి."

వీధి మధ్యలో చక్రం దేనికో అడ్డుపడి బండి ఒరిగింది. అతను నీళ్ళల్లోకి వంగి, గుక్క బిగబట్టి, చేత్తో తడిమి ఇటుకరాయిని లాగేశాడు. లేచి చూసేసరికి పట్టా కింద ఆమె కళ్ళు మూతలు పడుతున్నాయి.

"టీచరమ్మా. పదమూడు పదిహేళ్ళు ఎంత?"

పొట్లం సగం తడిసింది. మిగిలింది వేలికి అద్దుకుని ఆమె చిగుళ్ళకి, దవడ లోపలికి రాశాడు. మళ్ళీ రాశాడు. ఇస్త్రీ ఆవిడ ఇద్దరి వంతూ తోస్తోంది.

"రెండొందల... ఇరవై ఒకటి," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే, విసుగ్గా.

పెద్ద రోడ్డు మీద వదిన మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నిలబడి ఉంది. ఎవర్నీ పలకరించలేదు. చెల్లెలి మణికట్టు పట్టుకుంది, నరం వెతికింది, సూది ఎక్కించింది. అంబులెన్సు కదిలాక తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, "మూడే కదా? సరిగ్గా చెప్పండి," అంది.

"మూడే వదినా."

"డాక్టరుకి అలాగే చెప్పండి. సగం సగం చెప్పేవాళ్ళతోనే మాకు చావు."

మధ్యాహ్నానికి సెలైను నడుస్తుండగా ఆమె పూర్తిగా తేరుకుంది. వదిన ఎలాగూ చెబుతుందని ఆగలేదు. అతనే చెప్పాడు.

"మూడా?" అంది.

"మూడు."

"పేరు చూసుకోనక్కర్లేదా? ఆవగింజంత స్క్రూ మీద నంబరు చదువుతారే."

అక్క అందుకుంది. "నువ్వెందుకే రెండూ ఒకే డబ్బాలో కుక్కావు?"

"నా డబ్బా నా ఇష్టం," అని ఆమె అటు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా అతనితో మాట్లాడలేదు. రెండుసార్లు మంచినీళ్ళు కావాలన్నా అక్కనే అడిగింది. అతను కదలకుండా కూర్చున్నాడు. చొక్కా ఒంటి మీదే ఆరింది.

గంటకోసారి షుగర్ చూడాల్సిన నర్సు ఆలస్యమైంది. అతను లేచి బల్ల మీది మిషన్ అందుకున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది. తర్వాత దుప్పటి కింది నుంచి చెయ్యి చాపింది.

"భయపడకుండా గుచ్చండి," అంది. "ఊరికే ముల్లు తగిలించినట్టు తగిలిస్తే రక్తం రాదు."