రెండు చప్పట్ల నడుమ

ముందు వాసన వస్తుంది. తడిసిన కొబ్బరి పీచు వాసన.

తర్వాతే వాన.

దీవిలోని డాలీగంజ్ రేకుల కప్పుల మీద అది నడిచొచ్చే చప్పుడు దూరం నుంచే తెలుస్తుంది — ఎగువ ఇల్లు, పక్క ఇల్లు, ఆ తర్వాత తమ ఇల్లు.

ఆ చప్పుడుకి అప్పలరాముడు తలెత్తుతాడు. పంతొమ్మిదేళ్ళుగా అంతే. మనుషుల మాట అతని చెవులకు సగమే అందుతుంది. నీళ్ళ మాట మాత్రం మొత్తం అందుతుంది.

కూతురు భాను అది చూస్తుంది.

పాటల పెట్టె సంగతి మొదట చెప్పింది, పాత పాటలు పోగేసే వెంకటాచలం మాస్టారు. 2002లో హట్‌బే రేవులో జాలరి ఆడవాళ్ళు పాడిన పడవ పాటలు. అప్పుడు ముప్పై రూపాయల క్యాసెట్. ఇప్పుడు నాలుగు డిస్కులు, గట్టి అట్టపెట్టె, బొమ్మల పుస్తకం. పాత టేపుని శుద్ధి చేసి కొత్తగా తెచ్చారట. ధర ఆరు వేల ఎనిమిది వందలు.

ఆ పాటల్లో ముందు పాడే గొంతు తవిటమ్మది. భాను తల్లిది.

తవిటమ్మ హట్‌బేలోనే, సునామీలో పోయింది. ఒళ్ళు దొరకలేదు. ఫోటో కూడా లేదు. చుట్టాలింట్లో దొరికిన ఒక్క క్యాసెట్‌ని తండ్రీ కూతుళ్ళు అరిగేదాకా విన్నారు. రెండేళ్ళ కిందట టేప్‌రికార్డర్ దాన్ని నమిలేసింది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె గొంతు లేదు.

"కొనీయే అమ్మీ," అన్నాడు అప్పలరాముడు. "ఈ సెవులు మూసుకుపోకముందు ఒక్కపాలి ఇంటాను."

భానుకి అనుమానం. జెట్టీలో ఓడ టికెట్ల కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. ద్వీపవాసి కార్డు చూపిస్తే టికెట్ చవక. అందుకే దొంగ కార్డులొస్తాయి. ఆమె పట్టేస్తుంది. మాసిన కార్డుతో భయం లేదు. మరీ మెరిసేదాన్నే ముందు తిప్పి చూడాలి.

ఈ పెట్టె మరీ మెరుస్తోంది.

లంబాలైన్‌లో, రన్‌వే పక్కనే మాస్టారి ఇల్లు. విమానం దిగేదాకా ఆగి, ఆయన తను కొన్న పెట్టెలోంచి డిస్కు తీసి పెట్టాడు.

"విను బేటీ. గాజు! పక్కా గాజు! పాత టేపులో బుస్సుమనే పాము ఒకటుండేది. చంపేశారు."

"పాముతో పాటు ఇంకేం చంపారో, మాస్టారూ."

"నీ కిటికీ బుద్ధి పోదు. దేవుడొచ్చినా కార్డు అడుగుతావు."

"అడుగుతాను. ఫోటో మరీ బాగుంటే రెండుసార్లు అడుగుతాను."

పాట మొదలైంది.

గాలి లేదు. కొబ్బరాకుల రొద లేదు. వెనక ఏడ్చే చంటిపిల్ల లేదు — ఆ పిల్ల భానే.

గొంతు మాత్రం... అమ్మదే. పై స్థాయికి వెళ్ళినప్పుడు సన్నగా పగిలే ఆ జీర. ఇంకెవరికీ రాదది.

అనుమానం కొంచెం వంగింది. కొనేద్దామనుకుంది.

అప్పుడా చరణం వచ్చింది.

గట్టు దాటి, గాలి దాటి, వచ్చినాడమ్మా —

అక్కడ పాటలో రాముడి పేరు రావాలి. తవిటమ్మ మొగుడి పేరులోనూ అదే ఉంది. మొగుడి పేరు నోట పలకకూడదు. అందుకని ఆమె అక్కడ ఆగేది. ఒక చప్పట. ఖాళీ. ఇంకో చప్పట. ఆ ఖాళీ దగ్గర హట్‌బే ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వేవాళ్ళు. ఎందుకో అందరికీ తెలుసు.

డిస్కులో ఖాళీ లేదు.

— రాముడూ!

అమ్మ గొంతు. అమ్మ జీర. అయ్య పేరు.

భాను పుస్తకం లాక్కుంది. తెలుగు ఆమెకు నోటికి వచ్చినంత కంటికి రాదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

'టేపు చెడి మాట పోయిన చోట్ల, అదే గాయని ఇతర పాటల్లోని అక్షరాలతో పూరించాం.'

ఒక పాటలోంచి ఒక ముక్క. ఇంకో పాటలోంచి ఇంకో ముక్క. కుట్టేశారు.

అక్కడ టేపు చెడలేదు. ఆమె ఆగింది. అంతే. ఆ ఆగడం ఏమిటో వాళ్ళకు తెలీదు.

"ఇది దొంగది మాస్టారూ."

"గొంతు ఆవిడదేగా?"

భాను పుస్తకం మూసేసింది.

"పెట్టె తీసుకెళ్ళు. పాడే మిషనూ తీసుకెళ్ళు. మీ అయ్యకి వినిపించు. కొంటావో మానేస్తావో... ఆయన మొహం చూశాక చెప్పు."

ఇంటికి తెచ్చింది. ఆ ఒక్క పాట దాటేద్దామనుకుంది.

"అదెయ్యి," అన్నాడు అప్పలరాముడు. "సప్పట్లది."

"అయ్యా, అందులో ఒక చోట మోసం ఉంది..."

"ఎయ్యే."

వేసింది.

గట్టు దాటి. గాలి దాటి. వచ్చినాడమ్మా —

పేరు.

అతను నవ్వలేదు. ఏడవలేదు. వల అల్లే చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అమ్మ అనలేదయ్యా," భాను గబగబా అంది. "కంపెనీవోళ్ళు అతికించినారు. మిషన్ మాట అది. జూఠ్, అబద్ధం."

అతను వల పక్కకి నెట్టాడు.

"నీళ్ళొచ్చినపుడు నువ్వు నా బుజం మీదున్నావు. మూడేళ్ళ పిల్లవి. కొండెక్కేస్తన్నాను. ఎనకాల ఎవత్తో పిలిసినాది — రాముడూ అని. రెండుపాల్లు."

తన భుజం తడుముకున్నాడు.

"మీయమ్మ ఎప్పుడు పిలిసినా 'భాను అయ్యా' అనే అన్నాది. పేరెట్టి పిలిసే ఆడది నాకెవులున్నారు? ఎవత్తో... ఎవుల్నో పిలుస్తన్నాదనుకున్నాను."

భాను పాట ఆపేసింది.

"ఎనక్కి సూడలేదే అమ్మీ."

తిరిగి చూసి ఉంటే —

ఆ మాటని ఇద్దరిలో ఎవరూ పూర్తి చేయలేదు. తిరిగి చూసి ఉంటే అతను కిందకి దిగేవాడు. భుజం మీది పిల్లతో సహా.

ఆ రోజు పిలిచింది ఈ గొంతేనా? భాను అడగలేకపోయింది. కుట్టిన మాట అది. ఆమె ఎన్నడూ అనని మాట. దాన్ని సాక్ష్యంగా నిలబెట్టకూడదు. కిటికీలో అయితే విసిరి కొట్టేది.

ఇక్కడ కిటికీ లేదు. అయ్య ఉన్నాడు.

నమ్మకు అంటే... ఆ పిలుపు మళ్ళీ ఎవరిదో అయిపోతుంది. నమ్ము అంటే అమ్మదైపోతుంది. ఏది దయ? ఏది దొంగతనం?

"మళ్ళీ ఎయ్యి."

"దొంగదయ్యా అది."

"తెలుసే. ఎయ్యి."

ఆమె వేలు బొత్తాం మీద ఆగింది. నొక్కింది.

కొబ్బరి పీచు వాసన లోపలికొచ్చింది.

గట్టు దాటి...

ఎగువ ఇంటి రేకుల మీద చప్పుడు. అతను అటు తలెత్తలేదు. చెవికి అరచెయ్యి ఆనించి, మిషను మీదకి వంగాడు.

గాలి దాటి...

పక్క ఇంటి మీద.

వచ్చినాడమ్మా —